పెరటి చెట్టు కథ

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనలో ఒక సామెత వుంది. ఎదురుగా వున్నదాని విలువ మన కంటికి ఆనదని దాని భావం. ఈ మధ్య వచ్చిన ఒక ఫోను వల్ల ఆ సామెత నాకు మళ్లీ గుర్తుకొచ్చింది.

మా చెల్లెలి కూతురు కెనడా దేశంలో ఆటవా నగరానికి దగ్గర్లో కాపురం వుంటోంది. రెండేళ్ల క్రితం అక్కడే ఒక పాత ఇల్లు కొనుక్కున్నారు. మనవాళ్లు ఏ దేశం వెళ్లినా నాలుగు టమాటా మొక్కలు వెయ్యందే తోచదు కదా! పెరట్లో వున్న ఒక పెద్ద చెట్టుకు కాస్త ఎడంగా మడి కట్టి టమాటా నారు నాటింది. మొక్కలు జానెడు పెరిగాయో లేదో, నీళ్లు పోస్తున్నా తల వాల్చేసి చచ్చిపోయాయి. రెండో ఏడూ అంతే.

"పెద్దమ్మా, ఆ చెట్టే మా టమాటాలను చంపేస్తోందిట. ఈయనేమో కొట్టించేద్దామంటున్నారు. పక్కింటి ముసలావిడ మాత్రం తొందరపడకండి, అది బటర్‌నట్ చెట్టులా వుంది, ముందు తెలిసినవాళ్లకు చూపించండి అంటోంది. నువ్వేమంటావు?" అని అడిగింది.

నేనేమంటాను? ఆ చెట్టు పేరు వినడమే అప్పుడు. సరే, రెండు రోజులు ఆగమ్మా అని చెప్పి, దాన్ని గురించి చదవడం మొదలుపెట్టాను. తీరా చదివితే అది వట్టి చెట్టు కాదు, వెయ్యేళ్ల ఆడవాళ్ల చరిత్రకు సాక్షి అని తెలిసింది. ఆ సంగతులే ఇవాళ మీతో చెప్పుకుంటాను.

ముందు చెట్టును పరిచయం చెయ్యాలి. బటర్‌నట్ స్క్వాష్ అని ఇప్పుడు పెద్ద దుకాణాల్లో సొరకాయ ఆకారంలో ఒక గుమ్మడి అమ్ముతున్నారు. అది వేరు, ఇది వేరు. ఇది మన అక్రోటుకు పినతల్లి బిడ్డ. దీన్ని తెల్ల అక్రోటు అని కూడా అంటారు. లిన్నేయస్ అనే శాస్త్రజ్ఞుడు 1759లో దీనికి శాస్త్రీయనామం పెడుతూ, బెరడు బూడిద రంగులో వుంటుంది కాబట్టి ఆ అర్థం వచ్చే మాటనే వాడాడు. దీని పుట్టిల్లు ఉత్తర అమెరికా తూర్పు భాగం. కెనడాలోని క్యుబెక్, న్యూ బ్రన్స్‌విక్‌ల మొదలు దక్షిణాన జార్జియా వరకు అడవుల్లో, వాగుల ఒడ్డున పెరుగుతుంది. నలభై, అరవై అడుగుల ఎత్తు అవుతుంది. వేపాకులాగే ఒక ఈనెకు రెండు పక్కలా 11 నుంచి 17 దాకా ఆకులుంటాయి. కాయ కోలగా, కాస్త సాగదీసిన నిమ్మకాయలా వుంటుంది. పైన ఆకుపచ్చని తొక్క, ముట్టుకుంటే బంక. లోపల గరుకు గరుకు చాళ్లున్న గట్టి పెంకు. ఆ పెంకు పగలగొడితే నూనె ఓడే మెత్తని పప్పు. వెన్నలా వుంటుందనే దానికి బటర్‌నట్ అని పేరు వచ్చింది. వెన్నకాయ అనుకుందాం మనం.

తెల్లవాళ్లు ఆ ఖండానికి రాకముందే అక్కడి ఆదివాసి స్త్రీలకు ఈ కాయ బాగా తెలుసు. ఇరాక్వా తెగలవాళ్లు ఈ కాయలను దంచి, నీళ్లలో ఉడకబెట్టి, పైకి తేలిన నూనెను తీసుకునేవారు. మనం కొబ్బరిపాలు కాచి నూనె తీసినట్లే అనుకోండి. ఆ నూనె వంటల్లోకి, తలకు రాసుకోవడానికి. మెత్తగా నూరిన పప్పు రొట్టెల్లోకి, పసిపిల్లల ఆహారంలోకి. చలికాలం ఆరేసి నెలలు మంచు కప్పుకునే దేశంలో, నిలవ వుండే బలమైన తిండి అంటే ఏమిటో ఇల్లు నడిపే మీకు నేను చెప్పక్కరలేదు.

ఇక వెయ్యేళ్ల మాట. కొలంబస్ 1492లో అమెరికా కనిపెట్టాడని మనం స్కూల్లో చదువుకున్నాం. కాని అంతకు దాదాపు ఐదు వందల ఏళ్ల ముందే ఉత్తర ఐరోపా నావికులు, నార్సువాళ్లంటారు, అక్కడికి వెళ్లారని వాళ్ల పాత కథల్లో వుంది. అవి కట్టుకథలేమో అని చాలా కాలం అనుమానించారు. 1960లో నార్వే దేశస్థుడు హెల్గె ఇంగ్‌స్టాడ్, కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవి ఉత్తరపు కొసన లాన్స్ ఓ మెడోస్ అనే పల్లె దగ్గర మట్టిదిబ్బలు చూశాడు. ఆయన భార్య అన్నే స్టినె పురాతత్వ శాస్త్రజ్ఞురాలు. 1961 నుంచి 1968 వరకు తవ్వకాలు నడిపించింది ఆవిడే. ఆ దిబ్బల కింద నార్సువాళ్ల ఇళ్ల పునాదులు బయటపడ్డాయి. 1964లో అక్కడ ఒక చిన్న రాతిబిళ్ల దొరికింది. కదురుకు బరువుగా తగిలించే బిళ్ల! నూలు వడకడం ఆ సమాజంలో ఆడవాళ్ల పని. అంటే అంత దూరం సముద్రం దాటి మగవాళ్లే కాదు, ఆడవాళ్లూ వెళ్లారన్నమాట.

తర్వాత 1970లలో కెనడా ప్రభుత్వం వారు అక్కడ మళ్లీ తవ్వించారు. అప్పుడు నార్సువాళ్ల కాలపు పొరల్లో మూడు బటర్‌నట్ కాయలు, లోహపు పనిముట్టుతో కోసిన ఆ చెట్టు చెక్క ముక్క దొరికాయి. ఏముంది అందులో అంటారా? చాలా వుంది. న్యూఫౌండ్‌లాండ్‌లో బటర్‌నట్ చెట్టు పెరగదు, అప్పుడూ పెరిగేది కాదు. అంత బరువు కాయ గాలికి ఎగిరి రాదు. అంటే ఆ మనుషులు ఓడల మీద దక్షిణంగా న్యూ బ్రన్స్‌విక్ ప్రాంతం దాకా వెళ్లి, అక్కడ ఏరుకున్న కాయలను మూటగట్టుకుని వచ్చారు. ఈ సంగతిని వివరించి చెప్పినవారిలో ముఖ్యురాలు బిర్గిట్టా వాలెస్ అనే మరో స్త్రీ. బటర్‌నట్ పెరిగే ఆ చోటనే అడవి ద్రాక్ష కూడా పెరుగుతుంది కనుక, పాత కథల్లో చెప్పిన ద్రాక్షల దేశం కల్పన కాదని కూడా తేలింది. 2021లో శాస్త్రజ్ఞులు అక్కడి కలప ముక్కలను పరీక్షించి, అవి సరిగ్గా 1021లో నరికినవని నిర్ణయించారు. మన రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడు సింహాసనం ఎక్కిన రోజులవి. ఏలిన రాజుల శాసనాలు నిలవడం సరే, ఎవరో తినకుండా వదిలేసిన మూడు కాయలు వెయ్యేళ్లు నిలిచి సాక్ష్యం చెప్పడం చూశారా!

ఇప్పుడు కాలంలో ఎనిమిది వందల ఏళ్లు ముందుకు, అమెరికా దక్షిణ రాష్ట్రాలకు వద్దాం. బటర్‌నట్ తొక్క ఒలిచినవాళ్ల చేతులు గోధుమరంగుకు తిరిగి, ఎన్ని రోజులు కడిగినా పోవు. పచ్చి జీడి అంటిన చెయ్యిలాగే. ఆ మరక చూసే ఆడవాళ్లు దాన్ని అద్దకానికి వాడుకున్నారు. తొక్కలు, బెరడు నీళ్లలో మరిగించి అందులో నూలు ముంచితే లేత గోధుమ రంగు వస్తుంది. ఇనుప కాగులో కాచినా, అన్నభేది కలిపినా రంగు ముదురుతుంది. మన కలంకారీ పనివాళ్లు తుప్పు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లను కరక్కాయ పట్టించిన గుడ్డ మీద రాసి నలుపు తెప్పిస్తారే, ఆ కిటుకూ ఈ కిటుకూ ఒకటే. రెండు చోట్లా వగరుకు ఇనుము తగలడమే అసలు రహస్యం.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం వచ్చింది. బానిసత్వం వుండాలన్న దక్షిణ రాష్ట్రాలు విడిపోతామన్నాయి. ఆ ఏప్రిల్‌లో అధ్యక్షుడు లింకన్ దక్షిణాది రేవులన్నిటినీ దిగ్బంధం చేయించాడు. మిల్లులున్నది ఎక్కువగా ఉత్తరాదిన, రంగులు వచ్చేది విదేశాల నుంచి. రెండూ ఆగిపోయాయి. దక్షిణాది సైన్యానికి బూడిద రంగు దుస్తులని నియమమైతే పెట్టుకున్నారు కాని, గుడ్డ ఏది, రంగు ఏది? అటకల మీద పడేసిన రాట్నాలు, మగ్గాలు మళ్లీ దిగాయి. ఇళ్లలో నేసిన ముతక గుడ్డను పెరట్లో కాగులు పెట్టి బటర్‌నట్, అక్రోటు తొక్కలతో అద్దారు. ఆ గోధుమరంగు బట్టలు చూసి ఉత్తరాది సైనికులు ఎదుటివాళ్లను బటర్‌నట్‌లు అనే పిలిచారు. ఉత్తరాదిలోనే వుంటూ యుద్ధం వద్దన్న కొందరు, ఈ కాయను అడ్డంగా కోసి పిన్నులా చేసి గుండెల మీద పెట్టుకుని తిరిగారు. ఒక కాయ పేరు ఒక సైన్యానికీ, ఒక పక్షానికీ పేరైపోయింది.

అయితే ఇక్కడ ఒక్క మాట ఆగి చెప్పాలి. దక్షిణాది ఇల్లాళ్లు రాట్నం తిప్పి త్యాగం చేశారని చరిత్రల్లో గొప్పగా రాసుకున్నారు. అది అబద్ధం కాదు. కాని పెద్ద పెద్ద కమతాల్లో వడికింది, నేసింది, మరిగే కాగుల ముందు నిలబడి అద్దింది చాలావరకు బానిసలుగా వున్న నల్లజాతి స్త్రీలు. పగలంతా పొలంలో పనిచేసి రాత్రి ఇంత నూలు వడకాలని వాళ్లకు లెక్క వుండేది. 1936 నుంచి 1938 దాకా అమెరికా ప్రభుత్వం వారు, బానిసత్వంలో పుట్టి అప్పటికి ముసలివాళ్లైన రెండు వేల మందికి పైగా కలిసి వాళ్ల జ్ఞాపకాలు రాయించారు. చెట్ల బెరళ్లు, అక్రోటు తొక్కలు ఉడకబెట్టి అమ్మలు, అమ్మమ్మలు గుడ్డలకు రంగులు వేసేవారని అందులో ఎంతోమంది చెప్పుకున్నారు. తమను బానిసలుగా వుంచడానికి యుద్ధం చేస్తున్న సైన్యానికి తామే బట్టలు అద్దిపెట్టవలసిన ఆ తల్లుల మనసులు ఎలా వుండేవో మీరే ఆలోచించండి.

అద్దకమొక్కటే కాదు. వేరు బెరడు లోపలి పొరను సుఖవిరేచనానికి మందుగా వాడేవారు. 1820లో అచ్చైన అమెరికా మొదటి అధికార ఔషధ గ్రంథంలో కూడా దీనికి చోటిచ్చారు. పెరటి చెట్టు మందుకు పనికొచ్చిందన్నమాట! కలప తేలిక, మెత్తన. నగిషీ చెక్కడానికి ఎంతో అనువు. వసంతం ముందు చెట్టుకు గాటు పెట్టి కారిన రసాన్ని కాచి తీపి పాకం కూడా చేసేవారు. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో మేపుల్ పాకంలో ఈ పప్పు వేసి మన పప్పు చెక్కలాంటి మిఠాయి చేస్తారు.

మరి ఇంతగా పనికొచ్చిన చెట్టును ఎవరైనా జాగ్రత్తగా చూశారా అంటే, లేదు. అడవిలో వుంది, అడ్డులేదు, ఎప్పుడూ వుంటుందనుకున్నారు. 1967లో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఈ చెట్లకు ఏదో పుండు తెగులు వచ్చిందని మొదటిసారి గుర్తించారు. అది ఒక శిలీంధ్రం, బూజు జాతి. 1979లో దాన్ని కొత్త రకంగా వర్ణించి పేరు పెట్టారు. ఎక్కడి నుంచో పరదేశం నుంచి వచ్చిందనే నిపుణుల నమ్మకం. వాన చినుకులతో కొమ్మ నుంచి కాండానికి పాకుతుంది. ఆకు రాలిన మచ్చల్లోంచి, గాయాల్లోంచి లోపలికి దూరుతుంది. బెరడు కింద నల్లగా, పొడుగ్గా పుండ్లు పడతాయి. అవి ఒకదానితో ఒకటి కలిసి కాండం చుట్టూ ఉంగరంలా బిగిస్తే ఆహారం కిందికి పోదు, చెట్టు చచ్చిపోతుంది. దీనికి మందు లేదు. అమెరికాలోని నార్త్ కరోలినా, వర్జీనియా రాష్ట్రాల్లో నాలుగింట మూడొంతుల చెట్లు పోయాయని అక్కడి అటవీశాఖ అంచనా వేసింది. కెనడాలో ఈ తెగులు 1990లో క్యుబెక్‌లో, 1991లో ఒంటారియోలో, 1997లో న్యూ బ్రన్స్‌విక్‌లో కనిపించింది. 2005లో ఆ దేశం ఈ చెట్టును అంతరించిపోయే ప్రమాదంలో వున్న జాతుల జాబితాలో చేర్చింది.

పోనీ, కాయలు ఏరి సీసాలో పోసి దాచుకుందామంటే అదీ కుదరదు. ధాన్యంలా, పప్పుల్లా బాగా ఎండబెట్టి దాచే గింజ కాదిది, ఎండితే మొలక చస్తుంది. అందుకని కెనడాలో ఫ్రెడరిక్టన్ నగరంలోని జాతీయ వృక్షబీజ కేంద్రం వారు గింజలోంచి మొలక భాగాన్ని విడదీసి, సున్నాకు 196 డిగ్రీల కింద వుండే ద్రవ నైట్రోజన్‌లో దాచే పద్ధతి సాధించారు. అది శాస్త్రజ్ఞులు చేసే పని. మామూలు మనుషులు ఈ చెట్టును నిలబెట్టాలంటే వున్న మార్గం ఒక్కటే. ఆరుబయట, ఎండలో, నేలలో పెంచడం.

ఆ పెంపకం ఎలాగో కూడా చెప్తాను. మీ పిల్లలో, తెలిసినవాళ్లో ఆ దేశాల్లో వుంటే వాళ్లకు పనికొస్తుంది. మన ఎండలకు మాత్రం ఇది బతకదు. దీనికి గడ్డకట్టే చలికాలం కావాలి.

శరత్తులో రాలిన కాయలు ఏరి, తొక్క ఒలిచి, నీళ్లలో వెయ్యాలి. తేలినవి పుచ్చులు, మునిగినవి మంచివి. చేతులకు తొడుగులు మరచిపోకూడదు! మంచి గింజలను తడి ఇసుకలో కలిపి మూడు, నాలుగు నెలలు ఫ్రిజ్‌లో కూరల అరలో వుంచాలి. ఆ చలి తగిలితేనే గింజకు నిద్ర తీరుతుంది. లేదా శరత్తులోనే నేలలో అంగుళం, రెండంగుళాల లోతున పాతి, ఉడతలు తవ్వుకుపోకుండా పైన సన్నని తీగవల కప్పాలి. మొక్క పైకి నాలుగాకులు వేసేలోపే తల్లివేరు లోతుకు దిగిపోతుంది. అందుచేత పెద్దయ్యాక చోటు మార్చడం కష్టం. ఎక్కడ పెరగాలో అక్కడే నాటడం మేలు. నీడను అసలు ఓర్చుకోదు, పక్క చెట్ల కొమ్మలు కమ్ముకోకుండా చూడాలి. నీళ్లు నిలవకూడదు. కుందేళ్లు, జింకలు కొరకకుండా చుట్టూ కంచె వుండాలి. బెరడుకు గాయం కానివ్వకూడదు. ఒకే చెట్టు మీద మగపూలు, ఆడపూలు వేర్వేరు సమయాల్లో విచ్చుకుంటాయి కాబట్టి, కాయలు బాగా పట్టాలంటే వేరే తల్లి చెట్టు గింజలతో మరొకటి కూడా దగ్గర్లో వుండాలి. కాపుకు రావడానికి 20 ఏళ్లు పడుతుంది. ఆపైన రెండు, మూడేళ్లకొకసారి బాగా కాస్తుంది. చెట్టు ఆయుష్షు మామూలుగా మన మనిషి ఆయుష్షంతే, డెబ్బై, ఎనభై ఏళ్లు.

మరి టమాటాల సంగతేమిటి? ఈ చెట్టు వేళ్లలో, ఆకుల్లో, తొక్కల్లో జుగ్లోన్ అనే పదార్థం వుంటుంది. చేతికి మరక చేసేదీ, ఆ అద్దకానికి తోడ్పడేదీ అదే. టమాటా, వంకాయ, మిరప, బంగాళాదుంప జాతికి అది పడదు. చిక్కుడు, ఉల్లి, క్యారట్, మొక్కజొన్న ఓర్చుకుంటాయి. కాబట్టి చెట్టును కొట్టక్కరలేదు, మడి మారిస్తే చాలు.

ఈ సంగతులన్నీ మా అమ్మాయికి చెప్పాను. "ముందు నిపుణులకు చూపించండి. అక్కడికి 19వ శతాబ్దంలో తెచ్చిన జపాను అక్రోటుతో కలిసిన సంకర చెట్లు చాలా వున్నాయట, చూసి పోల్చుకోవడం కష్టం, ఆకు పరీక్ష చేస్తే తెలుస్తుంది. అసలు జాతిదే అయితే మాత్రం మీ పెరట్లో వున్నది చిన్న సంగతి కాదు" అన్నాను. చుట్టుపక్కల చెట్లు చచ్చినచోట ఒక చెట్టు బతికి వుందంటే, దానిలో తెగులును తట్టుకునే గుణం వుండవచ్చు. అలాంటి చెట్ల గింజలు, కొమ్మలే శాస్త్రజ్ఞులు వెతుకుతున్నారు. అందుకే పుండు కనిపించింది కదా అని అన్నిటినీ నరికెయ్యవద్దంటారు. పైకొమ్మల్లో నూటికి 70 పాళ్ల కన్నా ఎక్కువ పచ్చగా వుండి, కాండం చుట్టుకొలతలో పుండు 20 పాళ్లకు మించకపోతే ఆ చెట్టును వుంచమని అమెరికా అటవీ నిపుణుల సలహా.

పరీక్ష చేయించారు. అసలు జాతి చెట్టేనట. కాండానికి ఒక పక్క రెండు చిన్న పుండ్లున్నాయి, తల మాత్రం పచ్చగానే వుందన్నారు. టమాటాలు ఇప్పుడు ఇంటి ముందు తొట్లలో వున్నాయి. చెట్టు దగ్గర చిక్కుడు పందిరి వేసింది. మొన్న శరత్తులో ఏరిన కాయల్లో మునిగిన పదకొండు గింజలు ఫ్రిజ్‌లో పెట్టానని, అల్లుడు అవేమిటో తెలియక పారెయ్యబోతే పట్టుకున్నానని నవ్వుతూ చెప్పింది. రెండు గింజలు ఆ పక్కింటి ఆవిడకు ఇస్తుందట. ఆవిడకు ఎనభై దాటాయి. ఆ చెట్టు కాయ ఆవిడ తినదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. అయినా గొయ్యి తవ్వించి సిద్ధంగా పెట్టుకుందట.

మీ పెరట్లో, మీ వీధి చివర, మీరు పేరు కూడా అడగని చెట్టు ఏదైనా వుందేమో ఒకసారి చూడండి. ఇల్లు పెంచుకోవడానికో, కారు పెట్టుకోవడానికో దాన్ని కొట్టించే ముందు, దాని పేరేమిటో, మీ అత్తగారో అమ్మమ్మగారో దాన్ని దేనికి వాడేవారో అడిగి తెలుసుకోండి. ఆ తర్వాత ఏం చెయ్యాలో మీకే తోస్తుంది.

సెలవు.